శుక్రవారం నాటి పేరు

ఢిల్లీ
జమాదిల్ అవ్వల్, హిజ్రీ 747

తమ్ముడు జహీరుద్దీనుకు, అల్లా నీకు ఆయుష్షుతోపాటు కాస్త బుద్ధి కూడా ఇవ్వాలని కోరుకునే అక్క ముబారక రాస్తున్నది.

కాగితాలు చేసేవాళ్ళ పేటలో కాపురముంటూ నాకు అరచేయంత ముక్క మీద నాలుగు మాటలు గీకి పంపుతావు. మీ దౌలతాబాదులో కాగితానికి కరువొచ్చిందా, మాటలకు కరువొచ్చిందా? ఇక్కడ నేను ఈ మొద్దు కాగితం మీద కలం విరిగేలా రాస్తున్నాను చూడు.

సుల్తాను ఢిల్లీని ఖాళీ చేయించి మనందర్నీ దక్కనుకు తోలినప్పుడు దారి పొడవునా బండిలో ఏడ్చింది నువ్వు. ఇష్టమున్నవాళ్ళు వెనక్కి పోవచ్చని ఆయనే అన్నప్పుడు రానని మొండికేసిందీ నువ్వే. నీ భార్య సమాధి అక్కడుంది కాబట్టి నిన్ను ఏమీ అనలేదు. అనలేదు కానీ మర్చిపోలేదు. బయల్దేరే రోజున ఊయలలో ఉన్న నీ కూతురు సఫియా వేలికి నా ఉంగరం దారంతో కట్టి, ఇది నా కోడలు అన్నాను. నువ్వు తలూపావు.

ఇప్పుడు ఆ మాట తీర్చే వేళ వచ్చింది. నా కొడుకు ఫఖ్రుద్దీను సుల్తాను సైన్యంలో గుజరాతులో ఉన్నాడు. వద్దు మొర్రో అంటే నేనే చేర్పించాను. శుక్రవారం మసీదులో చదివే ఖుత్బాలో ఎవరి పేరు వినిపిస్తుందో ఆయన కొలువులో ఉంటే ఇంటికి గౌరవం అని నా పంతం. అల్లుడు చచ్చిపోయాక నా కూతురు మరియం ఇద్దరు పిల్లలతో నా దగ్గరే ఉంటోంది, ఇంట్లో మగదిక్కు లేదు. దండు దక్కను వైపు వస్తుందని అంటున్నారు. వాడు మీ ఊరొస్తే నిఖా చదివించి ఇద్దర్నీ ఢిల్లీ పంపెయ్యి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఇంట్లో వాళ్ళిద్దరి గొంతులూ వినబడితే చాలు.

సఫియాకు వంట వచ్చా? రాకపోయినా పంపు.

నీ అక్క, ముబారక


దౌలతాబాదు, కాగితాల పేట
షాబాన్, 747

అక్కయ్యకు జహీరు సలాములు.

నువ్వు తిట్టావని ఈసారి పెద్ద కాగితమే తీసుకున్నాను. ఇంకా తడి ఆరలేదు, సిరా పాకితే నన్ను అనకు.

ఇక్కడ సంగతులు నీ చెవిన పడే ఉంటాయి. దక్కను అమీర్లు తిరగబడ్డారు. సుల్తాను మనుషులను కోటలోంచి తరిమేసి, తమలో పెద్దవాడైన ఒక ముసలాయనను గద్దె మీద కూర్చోబెట్టారు. ఆయనకు రాజ్యం చేయాలని ఉన్నట్టు కూడా కనిపించదు, పాపం, పెళ్ళికొచ్చినవాణ్ణి పట్టుకుని పెళ్ళికొడుకును చేసినట్టున్నాడు.

ఇక నా గొడవ. శుక్రవారం ఖుత్బాలో ఎవరి పేరు చదివితే ఊరు వాళ్ళదని లెక్క, నీకు తెలుసు. ఆ చదివే నోరు నాది. మొదటి వారం తెలివిగా తప్పించుకుందామని, ఏ పేరూ ఎత్తకుండా ‘ముసల్మానుల పాదుషాను అల్లా కాపాడుగాక’ అని దిగిపోయాను. ఢిల్లీ వాళ్ళ పక్షాన ఉన్నవాళ్ళు మా సుల్తాను పేరు మింగేశావని కోప్పడ్డారు. అమీర్ల మనుషులు మా సుల్తాను పేరు ఎత్తలేదని కోప్పడ్డారు. రెండో వారం ఒక గుర్రపువాడు మసీదు మెట్ల దగ్గరికొచ్చి, “ఖతీబు సాబ్, పేరు మారింది, చూసి చదవండి” అని బిరుదులు రాసిన చీటీ చేతిలో పెట్టాడు. కూరలో ఉప్పెక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. చదివాను.

మా కాగితాలవాళ్ళు తొట్లలో నానిన చేతులతో వచ్చి వరసల్లో నిలబడ్డారు. ఆమీన్ అన్నారు. ఎవరి పేరుకు అన్నారో వాళ్ళకు తెలిసిందనుకోను. పేరు చదవడం నా పని అక్కా, ఎవరి పేరో తేల్చడం నా పని కాదు.

ఫఖ్రూ వస్తే నా ఇల్లు వాడిదే. సఫియాకు వంట వచ్చు. నోరు కూడా వచ్చు, ముందే చెబుతున్నాను.

తమ్ముడు, జహీరుద్దీన్


ఢిల్లీ
షవ్వాల్, 747

జహీరుకు.

దీవెనలు తర్వాత.

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. ఇంట్లో ఉంచుకోదగ్గ కాగితం కాదది. నా కొడుకు సుల్తాను డేరాకు కాపలా కాస్తుంటే, వాడి మేనమామ సుల్తాను శత్రువు పేరు మసీదులో చదివి, పెళ్ళికొడుకనీ కూరలో ఉప్పనీ హాస్యాలాడుతున్నాడు. మన నాన్న ఏ ఉప్పు తిన్నాడు? మీ బావ ఎవరి కొలువులో ప్రాణం విడిచాడు? నీ గొంతు నాన్న గొంతులాగే ఉంటుందని ఊరంతా అనేవాళ్ళు. ఆ గొంతుతోనే చదివావన్నమాట.

చీటీ ఇస్తే చదివేశావు. రేపు ఎవడో ఇంకో చీటీ ఇస్తే అదీ చదువుతావు. పిల్లినైనా గద్దె మీద కూర్చోబెడితే దానికీ బిరుదులు పలుకుతావు.

సుల్తాను స్వయంగా దక్కను మీదికి వస్తున్నాడని కబురు. ఆయన కోట దాకా రాకముందే ఆయన పేరు చదివెయ్యి. మొదట చదివినవాడు నువ్వే అవ్వాలి. నీ కోసం చెప్పడం లేదు. తిరుగుబాటుదారుల ఖతీబు మేనల్లుడని నా కొడుకును ఎవరూ వేలెత్తి చూపకూడదు.

పెళ్ళి మాట మారదు. నీ మీద కోపం పిల్ల మీద చూపించే మనిషిని కాను. ఎర్ర పట్టు పంపిస్తున్నాను, తెచ్చేవాడు గుర్రాల వర్తకుడు, నమ్మకస్తుడు. సఫియాకు కుట్టించు. నువ్వు మాత్రం నాకు మూడు నెలలు కనబడకు, అంటే రాయకు అని.

ముబారక

(రాయకపోతే ఊరుకోను.)


దౌలతాబాదు
ముహర్రం, 748

అక్కయ్యకు.

రాయొద్దన్నావు, రాయకపోతే ఊరుకోనన్నావు. రెండోదే పాటిస్తున్నాను.

సుల్తాను వచ్చాడు. అమీర్లు ఓడి కొందరు కొండ మీది కోటలోకి దూరారు, కొందరు చెదిరిపోయారు. కోట చుట్టూ దండు దిగింది. ఖుత్బాలో పాత పేరు చదివాను. మొదటివాణ్ణి నేను కాను, పెద్ద మసీదు ఆయన నన్ను మించిపోయాడు, ఆయన ఇంకా త్వరపడ్డాడు. నీ కోరిక ఆ మేరకు తీరనందుకు మన్నించు.

అసలు సంగతికి వస్తాను. ఫఖ్రూ ఇంటికొచ్చాడు. గుమ్మంలో వంగాల్సి వచ్చింది, అంత పొడుగయ్యాడు. మాంసం కూర రెండుసార్లు వడ్డించుకున్నాడు. వండింది ఎవరని అడిగాడు. నేను చెప్పేలోపే తలుపు వెనకనుంచి సఫియా గొంతు, “మిరియాలు ఎక్కువయ్యాయని అడుగుతున్నారా?” అని వినిపించింది. వాడు చెవులదాకా ఎర్రబడ్డాడు. నీ కొడుక్కు సిగ్గు ఎక్కడిదో నాకు తెలియదు, నీ వైపునుంచి మాత్రం వచ్చి ఉండదు.

వెళ్ళేముందు నన్ను పక్కకు పిలిచి, “మామయ్యా, దండు ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలీదు. ఈ శుక్రవారమే కానిచ్చేద్దాం” అన్నాడు.

“ముహర్రం నెలలోనా? మీ అమ్మ నన్ను బతకనిస్తుందా?” అన్నాను.

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత సఫర్. దాన్లోనూ ఎవరూ చెయ్యరు. రబీ రానీ, దర్జాగా చేద్దాం.”

వాడు గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. నువ్వెప్పుడూ పట్టింపులు చూస్తావు కదా, మరియం పెళ్ళప్పుడు చంద్రుడు సరిగా కనిపించలేదని ఒక రోజు ఆపించావు. అందుకని నీ తరఫున నేనే ఆలోచించాను. ఎర్ర పట్టు అందింది. కుట్టడం అయింది. రబీలో చదివించి పంపుతాను.

తమ్ముడు, జహీరుద్దీన్


ఢిల్లీ
రబీ ఉల్ అవ్వల్, 748

జహీరుకు అక్క దీవెనలు. ఈసారి మొదటే దీవిస్తున్నాను, ఎందుకంటే వాడు రెండుసార్లు వడ్డించుకున్నాడని రాశావు.

కానీ ముహర్రం అని ఆపమని నీకు ఎవరు చెప్పారు? నేను చెప్పానా? చుట్టూ యుద్ధం పెట్టుకుని నెలలు లెక్కపెడతావా? మరియం పెళ్ళి ఊరు ప్రశాంతంగా ఉన్నప్పటిది. అప్పుడు పట్టింపులకు తీరిక ఉంది. నేనే గనక అక్కడుంటే వాడు అడిగిన శుక్రవారమే చేసేదాన్ని. ఎప్పుడూ నా మాట వినవు, విన్న ఒక్కసారీ నేను అనని మాట విన్నావు.

సుల్తాను మళ్ళీ గుజరాతుకు మళ్ళిపోయాడని బజారులో అనుకుంటున్నారు. అక్కడ ఇంకెవడో తిరగబడ్డాడట. ఫఖ్రూ ఆయనతో పోయాడా, కోట దగ్గర ఉంచిన దండులో మిగిలాడా? మీ ఊళ్ళో ఉంటే ఈ ఉత్తరం అందిన రోజునే నిఖా చదివించు. ఏ నెలైనా, ఏ వారమైనా. నేను చెబుతున్నాను.

నీ మీద ఖుత్బా కోపం ఇంకా ఉంది. పెళ్ళయ్యాక కొంత తగ్గిస్తాను.

మరియం పిల్లలు వాకిట్లో పెళ్ళికూతురు ఆట ఆడుతున్నారు, అరుపులకు చెవులు పోతున్నాయి.

ముబారక


ఢిల్లీ
జమాదిల్ అవ్వల్, 748

జహీరు,

వాడు పోయాడు.

వాడి దండులో పనిచేసిన మనిషి ఒకడు చెయ్యి పోగొట్టుకుని తిరిగొచ్చాడు. దక్కను అమీర్లు బలం కూడగట్టుకుని మీద పడ్డారట. సేనాని పడిపోయాడట, చుట్టూ ఉన్నవాళ్ళెవరూ మిగల్లేదట. ఫఖ్రుద్దీను గుర్రం కూలడం కళ్ళారా చూశానన్నాడు. ఆ మనిషి నా ముందు కూర్చుని మంచినీళ్ళు తాగుతూ చెప్పాడు. నీళ్ళు ఇచ్చింది నేనే.

మూడో రోజు వాడి ఆత్మశాంతికి ఫాతిహా చదివించాను. వీధివీధంతా వచ్చింది. ఇంత జనం నా మొగుడు పోయినప్పుడు రాలేదు. సుల్తాను కోసం ప్రాణమిచ్చాడని కొత్వాలు మనుషులు కూడా వచ్చి వాకిట్లో కూర్చుని వెళ్ళారు.

ఆ శుక్రవారం నువ్వు సరే అని ఉంటే. పెళ్ళయిన కొత్తలో సెలవిస్తారు. నాలుగు రోజులు మీ ఇంట్లో పడుకునేవాడు. పోనీ, పోతే పోయేవాడు, మొహాన పెళ్ళిపూల సెహరా కట్టుకుని పోయేవాడు. ఇప్పుడు నాకు ఏమీ లేదు. నీ పట్టింపు నన్ను తినేసింది జహీరూ. నా పట్టింపని నీ నోటితోనే అంటావు, నాకు తెలుసు. అది నిజం కూడా కావచ్చు. అయినా నిన్నే అంటాను.

సఫియాను మంచి చోట ఇచ్చెయ్యి. ఉంగరం ఉంచుకోమను.

అక్క


దౌలతాబాదు
జమాదిల్ అవ్వల్, 748

అక్కయ్యకు తమ్ముడు జహీరు శుభవార్త రాస్తున్నాడు. తోవలన్నీ మూసుకుపోయి నెలలైంది. నీ దగ్గర్నుంచి ఎర్ర పట్టు తర్వాత ఏ ఉత్తరమూ అందలేదు. పాత గుర్రాల వర్తకుడు ధైర్యం చేసి బయల్దేరుతున్నాడు, ఇది అతని చేత పంపుతున్నాను.

మొదట ఇది చదువు: ఫఖ్రూ బతికున్నాడు. సఫియాకూ వాడికీ నిఖా అయిపోయింది.

ఇక నెమ్మదిగా చెబుతాను. సుల్తాను వెళ్ళిపోయాక ఆయన ఉంచిన దండు చితికిపోయింది. పట్టుబడ్డవాళ్ళను ఇక్కడికి తీసుకొచ్చి కోట కింది ఆవరణలో కూర్చోబెట్టారు. నేను వెళ్ళి ఒక్కో మొహం చూసుకుంటూ పోతే, తొడకు గుడ్డ చుట్టుకుని గోడకు ఆనుకుని మనవాడు ఉన్నాడు. కూలిన గుర్రం మీద పడి వాణ్ణి కప్పెయ్యడంతో బతికాడు.

ఇక్కడ అంతా మారిపోయింది. గద్దెనెక్కించిన ముసలాయన ఇది నా వల్ల కాదని తనంతట తానే దిగిపోయాడు. వయసులో ఉన్నవాడు, యుద్ధం గెలిచినవాడు ఎక్కాడు. బహమన్ షా అన్న పేరు చదువుతున్నాను ఇప్పుడు. రాజధాని గుల్బర్గాకు మారుస్తారట. ఈ పేరు చాలాకాలం చదువుతానని నాకనిపిస్తోంది, ఈయన మనుషులు చీటీ ఇచ్చేటప్పుడు తడబడలేదు.

బందీలను విడిపించడానికి ఒకటే షరతు పెట్టారు. శుక్రవారం మొదటి వరసలో నిలబడి, కొత్త పేరు చదివినప్పుడు ఆమీన్ అని, తర్వాత విధేయతకు గుర్తుగా అమీరు చేతిలో చెయ్యి పెట్టాలి. నేను పూచీ ఉండి ఫఖ్రూను ఇంటికి తెచ్చుకున్నాను. వాడు ససేమిరా అన్నాడు.

“పెదవులు కదుపు చాలురా, ఎవరికి వినబడుతుంది?” అన్నాను.

“మామయ్యా, నువ్వు ఎన్ని పేర్లు మార్చినా నీ గొంతు మారదు. నాకు చేతకాదు. సుల్తాను ఉప్పు తిన్నాను” అన్నాడు.

తలుపు వెనకనుంచి సఫియా అంది: “బావా, మీ సుల్తాను మిమ్మల్ని ఇక్కడ వదిలి గుజరాతు పోయేటప్పుడు మిమ్మల్ని అడిగి పోయాడా?” మళ్ళీ అంది: “నేను ఎర్ర పట్టు రెండుసార్లు విప్పి కుట్టాను. మూడోసారి కుట్టను.”

శుక్రవారం వాడు వచ్చాడు. ఖుత్బా చదివే మింబరు మీదినుంచి పేరు చదువుతూ వాడి వైపు చూశాను. కళ్ళు మూసుకుని ఆమీన్ అన్నాడు. నిఖా ఆ మధ్యాహ్నమే చదివించాను. ఏ నెల, ఏ వారం అని ఈసారి చూడలేదు.

వాడికి రౌతుల్లో మంచి కొలువిచ్చారు. ఢిల్లీ దండులోంచి వచ్చి చేరినవాళ్ళ పేర్లు ఊరూరా చాటింపు వేయించారు, మనవాడి పేరు తండ్రి పేరుతో సహా చెప్పారు. త్వరలో ఇద్దరూ గుల్బర్గా వెళతారు. నీ దగ్గరికి పంపుతానన్న మాట తప్పాను. కానీ అక్కా, రెండేళ్ళు పోతే తోవలు తెరుచుకుంటాయి, రాజులు రాజీపడతారు, నువ్వే మరియాన్నీ పిల్లలనూ తీసుకుని రా.

“అమ్మకు ఎలా చెబుతావు?” అని వాడు రోజూ అడుగుతున్నాడు. “మీ అమ్మ సంగతి నాకు వదిలెయ్యి, నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటుంది” అన్నాను. తిట్టు అక్కా. ఎంత కావాలంటే అంత తిట్టు.

తమ్ముడు, జహీరుద్దీన్


ఢిల్లీ
షాబాన్, 748

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నేను అంతకుముందు రాసిన రెండూ నీకు అంది ఉంటే పొయ్యిలో పెట్టు. ముఖ్యంగా రెండోది. నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

బతికున్నాడు అన్న చోట వేలు పెట్టి ఎన్నిసార్లు చదివానో. నవ్వు వచ్చింది. గట్టిగా నవ్వబోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. మరియం వచ్చి ఏమిటమ్మా అంది. పాత ఉత్తరం, మీ మామయ్య ఏదో హాస్యమాడాడు అన్నాను. నా సొంత కూతురికి అబద్ధం చెప్పాను. ఎందుకో విను.

ఇక్కడ మేం వాడి నలభయ్యో రోజు కూడా చేసేశాం. వీధంతా వచ్చి తిని వెళ్ళింది. దక్కనులో తిరుగుబాటుదారులతో కలిసినవాళ్ళ ఇళ్ళకు కొత్వాలు మనుషులు వస్తున్నారు. మా ఎదురింటి ముసలాయన కొడుకు మీ వైపు చేరాడని తెలిసింది. ముసలాయనను తీసుకుపోయారు, ఇంటికి ముద్ర వేశారు, కోడలు పిల్లలతో ఎటు పోయిందో తెలియదు. ఆ మనుషులే నా గుమ్మం ముందు ఆగి సలాము చేసి వెళతారు. ప్రాణమిచ్చినవాడి తల్లిని కదా. వాడు చచ్చిపోయాడు కాబట్టి మరియం, పిల్లలు ఈ కప్పు కింద నిద్రపోతున్నారు. బతికున్నాడని పొక్కితే ఆ ముద్ర మా తలుపుకే.

చాటింపులో తండ్రి పేరు కూడా చెప్పారని గొప్పగా రాశావు. ఆ చాటింపు నర్మద దాటి రాకూడదని ఐదు పూటలా నమాజులో మొక్కుకుంటున్నాను.

ఒక పేరు చదివావని నిన్ను ఎన్ని మాటలన్నాను జహీరూ. నాన్న గొంతు అన్నాను, పిల్లి అన్నాను. నా కొడుకును బతికించింది ఆ గొంతే. వాణ్ణి గుర్రమెక్కించి పంపింది నేను. వద్దన్నవాణ్ణి. నీ ముహర్రం కాదు, నా పంతం. ఇది ముందే చెప్పాల్సింది, ఇప్పుడు చెబుతున్నాను, ఇదే ఆఖరు కనుక చెబుతున్నాను.

ఇక రాయకు. గుర్రాల వర్తకుడికి కూడా ఇక్కడ ఎవరూ లేరని చెప్పమన్నాను. తోవలు తెరుచుకుంటాయన్నావు. నువ్వు ఎప్పుడూ అంతే, ఏదో ఒకటి బాగుపడుతుందంటావు. నీ బహమన్ షా చాలాకాలం ఉంటాడని నువ్వే రాశావు కదా. ఉండాలి. ఆయన ఉంటేనే వాడుంటాడు. ఆయన ఉన్నంతకాలం నేను వాణ్ణి చూడను. ఎవరికేమని దువా చేయాలో నాకే తెలియడం లేదు.

ఫఖ్రూతో నేను పోయానని చెప్పు. ఏ జ్వరమో వచ్చిందని చెప్పు, నీకు తోచింది చెప్పు. లేకపోతే ఏదో ఒక రోజు అమ్మను తెచ్చుకుంటానని గుర్రమెక్కుతాడు. వాడికి నా మొండితనం వచ్చింది, నీ జాగ్రత్త రాలేదు. ఏడిస్తే ఏడవనీ. మూడో రోజు ఫాతిహా చదివించు, బాగా చదివించు, నీ గొంతుతో.

సఫియా నోరు నాకు నచ్చింది.

వాళ్ళకు బిడ్డ పుడుతుంది. ఆ కబురు మాత్రం ఎలాగైనా పంపాలని నీకనిపిస్తుంది, నాకు తెలుసు. పంపకు. పంపకుండా ఉండలేకపోతే ఆడో మగో ఎవరి చేతనైనా ఒక్క ముక్క చెప్పించు. పేరు మాత్రం చెప్పించకు. పేరు తెలిస్తే నేను ఊరుకోలేను, వాకిట్లో ఆడుకునే మరియం పిల్లలను పిలుస్తూ పిలుస్తూ దాన్ని కూడా పిలిచేస్తాను.

అక్క